'చీమ కుట్టినట్టు ఉంటుంది' అనకండి: పెద్దవాళ్ళకు ఇంజెక్షన్ నొప్పి, సూది భయం తగ్గించడం ఎలా

సూదికి ఏడ్చేది పిల్లలే, పెద్దవాళ్ళు ఓర్చుకుంటారు అని మనకొక నమ్మకం. పెద్దవాళ్ళలో ఇంచుమించు నలుగురైదుగురిలో ఒకరికి సూదంటే భయం ఉంటుంది. వాళ్ళు ఏడవరు, అసలు రారు. రక్తపరీక్ష వచ్చే నెలకి వాయిదా వేస్తారు. ఇన్సులిన్ మొదలుపెడదామంటే ఇంకో మూడు నెలలు మాత్రలే ఇవ్వమని బతిమాలతారు. కుక్క కరిచినా గాయానికి పసుపో కారమో అద్ది ఇంట్లో కూర్చుంటారు. కాబట్టి నొప్పి తగ్గించడమంటే రోగిని గారాబం చేయడం కాదు. వైద్యం వాళ్ళకి అందేలా చూడటం. అది సూది పట్టుకున్నవాళ్ళ పని.

ఇక్కడ రాసిందంతా స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు, ల్యాబ్ టెక్నీషియన్లు, క్లినిక్‌లో ఇంజెక్షన్లు వేసేవాళ్ళ కోసం. కళ్ళు తిరగడం, ఇన్సులిన్, భయం పోగొట్టుకోవడం గురించిన భాగాలు రోగులకూ నేరుగా పనికొస్తాయి.

ముందు అడగాల్సిన ప్రశ్న: సూది అవసరమేనా?

అస్సలు నొప్పి లేని ఇంజెక్షన్ ఒక్కటే ఉంది, అవసరం లేదని మానేసినది. మామూలు జ్వరానికి, ఒళ్ళు నొప్పులకు, 'నీరసానికి' వేసే సూదుల్లో చాలావాటికి బదులు మాత్ర సరిపోతుంది. మింగగలిగి, వాంతులు లేని మనిషికి పారాసెటమాల్ నోటితో ఇస్తే చాలు. సూది వేస్తేనే వైద్యం చేసినట్టు అని రోగే అడిగే ఊళ్ళు మనకింకా ఉన్నాయి. అక్కడ రెండు నిమిషాలు ఆగి మాత్ర ఎందుకు సరిపోతుందో చెప్పడం కూడా నొప్పి తగ్గించే పనే.

సామాను దగ్గరే సగం నొప్పి తేలిపోతుంది

గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అడుగున ఉండే ప్లాస్టిక్ రంగు చూసి గుర్తుపట్టవచ్చు: 21 గేజ్ ఆకుపచ్చ, 22 నలుపు, 23 నీలం, 24 ఊదా, 25 నారింజ, 26 గోధుమ రంగు. నీళ్ళలా పలచగా ఉండే మందులకు, టీకాలకు 23 నుంచి 25 గేజ్ చాలు. చిక్కటి, నూనెలాంటి మందులకు 21 లేదా 22 కావాలి. సన్నది అయితే నొప్పి తక్కువ కదా అని చిక్కటి మందుకి 25 పెడితే పిస్టన్‌ని బలంగా నొక్కాల్సి వస్తుంది, చెయ్యి వణుకుతుంది, సూది కండరంలో కదులుతుంది. అప్పుడు లావు సూదికన్నా ఎక్కువ నొప్పెడుతుంది.

పొడవు విషయంలో జరిగే తప్పు దీనికి ఎదురు దిశలో ఉంటుంది. భయపడే మనిషి కదా అని పొట్టి సూది తీసుకుంటాం. మందు కండరం దాకా వెళ్ళక కొవ్వులో ఆగిపోతుంది, గడ్డ కడుతుంది, వారం రోజులు సలుపుతుంది. భుజానికి మామూలు ఒళ్ళు ఉన్నవాళ్ళకు ఒక అంగుళం, అంటే 25 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. బాగా లావుగా ఉన్నవాళ్ళకు ఒకటిన్నర అంగుళం, 38 మిల్లీమీటర్లు, అవసరమవుతుంది.

వయల్ రబ్బరు మూతలోంచి మందు లాగిన సూదితోనే వేయకండి. రబ్బరును గుచ్చినప్పుడు మొన కొంచెం మొద్దుబారుతుంది. పైగా సూది బయట అంటుకున్న మందు చర్మం దాటేటప్పుడు మండిస్తుంది. లాగడానికి ఒకటి, వేయడానికి కొత్తది. ప్రభుత్వ టీకాల్లో వాడే ఏడీ సిరంజికి (ఒక్కసారి వాడాక మళ్ళీ పనిచేయని సిరంజి) సూది ఊడదు కనుక అక్కడ ఇది కుదరదు. అక్కడ రబ్బరును ఒకే ఒక్కసారి, నిటారుగా గుచ్చండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన మందు చల్లగా వేస్తే కండరం బిగుసుకుంటుంది. కంపెనీ కాగితంలో గది వేడికి తేవచ్చని ఉన్న మందులను కొద్దిసేపు బయట ఉంచి, ఆంపూల్‌ని అరచేతుల మధ్య దొర్లించండి. టీకాలకు మాత్రం ఈ పని వద్దు. వేడి తగిలితే టీకా పాడవుతుంది, దాన్ని వెచ్చబెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పలేదు.

ఇక స్పిరిట్. దూదితో తుడిచి వెంటనే గుచ్చితే, ఆ తడి సూదితోపాటు లోపలికి పోయి చుర్రుమంటుంది. 30 సెకన్లు ఆరనివ్వాలి. నోటితో ఊదకూడదు, చేత్తో విసరకూడదు. రోజుకి వంద మందికి వేసే చోట మొదట వదిలేసేది ఈ అర నిమిషమే. రోగి 'మంటగా ఉంది' అన్నాడంటే చాలాసార్లు కారణం ఇదే. ఆ అర నిమిషంలో చేయాల్సిన పని కింద ఉంది, అది మాట్లాడటం.

ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు

మన ఇళ్ళలో పిల్లాడు అల్లరి చేస్తే 'డాక్టరుగారితో సూది వేయిస్తా' అంటాం. అంటే మీ ముందు కూర్చున్న నలభై ఏళ్ళ మనిషికి సూదిని మొదట పరిచయం చేసింది శిక్షగానే. మీ ప్రతి మాటా ఆ పాత జ్ఞాపకం మీద పడుతుంది.

'చీమ కుట్టినట్టు ఉంటుందంతే' అన్నది మన దగ్గర అందరి నోటా వచ్చే మాట. దాన్ని మానేయండి. అది నిజం కాకపోతే రోగి మిమ్మల్ని ఇంకెప్పుడూ నమ్మడు. నిజమే అయినా 'కుట్టడం' అన్న మాటే అతని ధ్యాసను నొప్పి మీదకి లాగుతుంది. 'భయపడకండి' కూడా అంతే, అందులో వినబడేది భయమే. 'ఏం కాదులే', 'ఇంత మనిషివి, ఇదేంటి', 'మగాడివై ఉండి' అన్న మాటలు అతనికి భయంతోపాటు సిగ్గును కూడా అంటగడతాయి. సిగ్గుపడ్డ మనిషి కళ్ళు తిరుగుతున్నా చెప్పడు, నేల మీద పడ్డాకే మీకు తెలుస్తుంది.

ముందుగా ఒక ప్రశ్న అడగండి: 'ఇదివరకు ఇంజెక్షన్ వేసినప్పుడుగానీ, రక్తం తీసినప్పుడుగానీ కళ్ళు తిరిగాయాండీ?' ఈ ఒక్క ప్రశ్నతో ఎవరిని పడుకోబెట్టి వేయాలో తెలిసిపోతుంది. తరవాత చిన్న చిన్న ఎంపికలు వాళ్ళకే వదిలేయండి. కుడి చెయ్యా, ఎడమ చెయ్యా? చూస్తారా, అటు తిరుగుతారా? చెప్పి వేయనా, చెప్పకుండా వేయనా? చూస్తేనే ధైర్యంగా ఉండేవాళ్ళు ఉంటారు, అందరి తలా బలవంతంగా పక్కకి తిప్పకండి.

నొప్పెడుతుందా అని అడిగితే నిజం చెప్పండి. 'కొందరికి గట్టిగా నొక్కినట్టు ఉంటుంది, కొందరికి చుర్రుమంటుంది. కొద్ది సెకన్లే. మీకెలా ఉందో నాకు చెప్పండి.' వేసే క్షణంలో 'ఇప్పుడు వేస్తున్నానండి' అని మామూలు గొంతుతో అంటే చాలు. మూడు లెక్కపెడతానని రెండుకే గుచ్చేయడం మోసం. అలా ఒకసారి చేస్తే ఆ మనిషి తరవాతి పదేళ్ళూ ఒకటి అనగానే బిగుసుకుపోతాడు.

ట్రేలో సిరంజిలు, రక్తపు దూది కనబడేలా పెట్టకండి. మందు లాగడం, గాలి బుడగ తీయడం రోగికి కనబడకుండా పక్కకి తిరిగి చేయండి. మందేదో, గడువు తేదీ ఎప్పుడో చూపించమంటే మాత్రం తప్పకుండా చూపించాలి. వరస కూడా ముఖ్యమే: ముందున్నవాళ్ళు మూలుగుతుంటే చూస్తూ నిలబడ్డ మనిషికి తన వంతు వచ్చేసరికే గుండె దడదడలాడుతుంది. గది లేకపోతే ఒక చీర అడ్డం కట్టినా నయమే.

కూర్చోబెట్టడం, చోటు వెతకడం

బిగుసుకున్న కండరంలో మందు వేస్తే నొప్పి ఎక్కువ. వదులుగా ఉంచమని చెప్తే ఎవరికీ రాదు, శరీరాన్ని అలా కూర్చోబెట్టాలి. భుజానికైతే కుర్చీలో వెనక్కి ఆనుకుని, మోచేయి వంచి, అరచెయ్యి ఒళ్ళో పెట్టించండి. మీరూ కూర్చుని వేయండి. నిలబడి పైనుంచి వేస్తే సూది మరీ పైన పడే అవకాశం ఎక్కువ.

భుజం చివర చేతికి తగిలే ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్ళు కిందికి, చంక మడత ఎత్తుకి పైన, చెయ్యి బయటి వైపు మధ్యలో. మరీ పైన వేస్తే మందు భుజం కీలు దగ్గరికి పోయి నెలల తరబడి చెయ్యెత్తలేని నొప్పి రావచ్చు. ఆడవాళ్ళకి ఇక్కడొక చిక్కుంది. జాకెట్టు చెయ్యి బిగుతుగా ఉండి పైకి రాదు, సిగ్గుపడతారు, మనం ఎంత కనబడితే అంతలోనే వేసేస్తాం. పైకి చుట్టిన బిగుతు గుడ్డ చేతిని టోర్నికెట్‌లా, అంటే రక్తం తీసేముందు చేతికి కట్టే పట్టీలా, పట్టేస్తుంది కూడా. అడ్డం పెట్టి, భుజం మీదుగా జాకెట్టును కొంచెం జార్చమనండి. టీకాకి వచ్చేటప్పుడు వదులు చేతులున్న బట్టలు వేసుకోమని ఆశా కార్యకర్తతో ముందే చెప్పిస్తే ఇంకా మంచిది.

భుజంలో ఒక మి.లీ. దాకా హాయిగా పడుతుంది, రెండుకి మించకూడదు. అంతకన్నా ఎక్కువ మందుని పిరుదుకో తుంటి పక్కకో వేయాలి. పిరుదు అనగానే మన చెయ్యి అలవాటుగా మధ్యకి పోతుంది. అక్కడ సయాటిక్ నరం ఉంది, దానికి తగిలితే కాలు చచ్చుబడే ప్రమాదం. తుంటి పక్కభాగం, అంటే వెంట్రోగ్లూటియల్ చోటు, నేర్చుకోవడం మేలు. పెద్ద నరాలు, పెద్ద రక్తనాళాలు అక్కడ లేవు. రోగిని పక్కకి పడుకోబెట్టి పై మోకాలు వంచమనండి. ఎడమ తుంటికైతే మీ కుడి అరచెయ్యి: మణికట్టు దగ్గరి భాగాన్ని తొడ పైన బయటికి తగిలే ఎముక మీద ఆనించి, చూపుడు వేలుని ముందువైపు తుంటి ఎముక మొన మీద పెట్టి, మధ్య వేలుని తుంటి అంచు వెంట వెనక్కి చాపండి. రెండు వేళ్ళ మధ్య ఏర్పడే సందులో వేయాలి. పాత పద్ధతిలోనే పిరుదుకి వేయాల్సి వస్తే పై బయటి మూలలోనే, బోర్లా పడుకోబెట్టి, కాలి బొటనవేళ్ళు లోపలికి తిప్పించండి. పిరుదు కండరం దానంతటదే వదులవుతుంది.

గుచ్చే క్షణం

గుచ్చబోయే చోట బొటనవేలితో 10 సెకన్లు గట్టిగా నొక్కి, తీసి, స్పిరిట్‌తో తుడిచి ఆరగానే వేయండి. నొక్కిన స్పర్శ, నొప్పి ఒకే దారిలో మెదడుకి పోటీ పడతాయి, స్పర్శ ముందు చేరితే నొప్పికి దారి ఇరుకవుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం చెప్పేది ఇదే. ఖర్చు లేదు, సామాను అక్కర్లేదు. నొక్కేది స్పిరిట్ రాయకముందే, తుడిచి ఆరిన చర్మాన్ని మళ్ళీ ముట్టుకోకూడదు.

దగ్గు కూడా పనిచేస్తుంది. ఒకసారి మామూలుగా దగ్గమనండి, రెండోసారి దగ్గుతున్నప్పుడే సూది దించండి. లేదా గుచ్చేటప్పుడు కాసేపు ఊపిరి బిగబట్టమనండి. పెద్దవాళ్ళ టీకాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన సలహాల్లో ఇవి ఉన్నాయి. దగ్గేటప్పుడు భుజం ఎగరకుండా మీ రెండో చేత్తో తేలిగ్గా పట్టుకోండి.

సూదిని 90 డిగ్రీల కోణంలో ఒకే ఊపులో దించాలి. జాలిపడి మెల్లగా దించితే చర్మం మీద ఎక్కువసేపు నలిగి ఎక్కువ నొప్పెడుతుంది. లోపలికి వెళ్ళాక సిరంజి కదలకూడదు. టీకాలకు పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందా అని చూడాల్సిన పని లేదు. ఆ లాగడంలో సూది లోపల ఊగి నొప్పి పెరుగుతుంది, టీకాలు వేసే చోట్లలో పెద్ద రక్తనాళాలు లేవు. అర మి.లీ. టీకాను చకచకా వేసి తీసేయవచ్చు. మిగతా మందులను మాత్రం మి.లీ.కి 10 సెకన్ల చొప్పున వేయండి. తొందరపడితే కండరం పోగులు ఒక్కసారిగా విడిపోయి సలుపు మిగులుతుంది. సూదిని పెట్టిన కోణంలోనే బయటికి తీయాలి.

మందు పైకి కారి చర్మం కింద మండకుండా జడ్-ట్రాక్ పద్ధతి ఉంది. పిరుదు, తుంటి ఇంజెక్షన్లకు బాగా పనికొస్తుంది. చర్మాన్ని ఒక అంగుళం పక్కకి లాగి పట్టుకుని వేసి, 10 సెకన్లు ఆగి, సూది తీశాక చర్మం వదలాలి. దారి వంకరై మూసుకుపోతుంది. తరవాత రుద్దకూడదు. 'కాస్త రుద్దమ్మా' అని మన రోగులే అడుగుతారు. దూదితో ఒత్తి పట్టుకోమని చెప్పండి, చాలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు కనీసం రెండు నిమిషాలు ఒత్తి ఉంచాలి.

ఒకే రోజు రెండు టీకాలుంటే, ఎక్కువ నొప్పి పెట్టేదాన్ని చివర్లో వేయండి. ఒకే చేతికి రెండూ వేయాల్సివస్తే మధ్య ఒక అంగుళం ఎడం ఉండాలి. టీకాకు ముందే పారాసెటమాల్ మింగితే గుచ్చిన నొప్పి తగ్గదు. తరవాత చెయ్యి సలిపితే అప్పుడు వేసుకోవచ్చు.

చర్మం మొద్దుబార్చే క్రీములు, లిగ్నోకెయిన్ 2.5 శాతం, ప్రైలోకెయిన్ 2.5 శాతం కలిపినవి, నిజంగా పనిచేస్తాయి. కానీ గంట ముందు దట్టంగా రాసి, పైన గాలి చొరని ప్లాస్టిక్ పట్టీ వేయాలి. పది నిమిషాల ముందు రాసి 'ఏమీ పనిచేయలేదు' అనేవాళ్ళే ఎక్కువ. రక్తం తీయడానికైతే ఇంకో సంగతి: క్రీము వల్ల చర్మం తెల్లబడి నరం కనబడటం కష్టమవుతుంది, ముందే పెన్నుతో గుర్తు పెట్టుకోండి. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు తేలిగ్గా పగిలిపోయే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవాళ్ళకు డాక్టరుని అడగకుండా వాడకూడదు.

బాగా నొప్పెట్టే కొన్ని మందులు

బెంజథిన్ పెనిసిలిన్. రుమాటిక్ గుండె జబ్బున్నవాళ్ళు మూడు వారాలకొకసారి ఏళ్ళ తరబడి వేయించుకోవాలి, నొప్పికి భయపడి మానేస్తే గుండె కవాటాలు ఇంకా దెబ్బతింటాయి. కాబట్టి ఈ సూదికి తీసుకునే శ్రమ ఏదీ వృథా కాదు. పొడి పూర్తిగా కలిసేదాకా వయల్‌ని దొర్లించండి, కలిపాక ఆలస్యం చేస్తే సూదిలో అడ్డుపడుతుంది. 21 గేజ్ వాడండి. రెండు మూడు నిమిషాలు తీసుకుని, ఆగకుండా మెల్లగా వేయండి. డాక్టరు రాస్తే అడ్రినలిన్ లేని లిగ్నోకెయిన్ కలిపి వేస్తే నొప్పి బాగా తగ్గుతుంది. ఈ మందుకి మాత్రం పిస్టన్ వెనక్కి లాగి చూడాల్సిందే, రక్తనాళంలోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది.

సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌ని కండరానికి వేస్తే భరించలేని నొప్పి. అందుకే 1 శాతం లిగ్నోకెయిన్‌తో కలుపుతారు. అలా కలిపినదాన్ని పొరపాటున కూడా నరానికి ఎక్కించకూడదు. లిగ్నోకెయిన్ పడదని చెప్పినవాళ్ళకి అసలే వద్దు.

నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ 3 మి.లీ. ఆంపూల్‌ని భుజానికి వేయకండి. పిరుదు పై బయటి భాగంలో లోతుగా వేయాలి. కొవ్వులో పడితే ఆ చోట కండ కుళ్ళే ప్రమాదం ఉంది. రెండు రోజులకి చర్మం నల్లబడినా, నీలి మచ్చలు తిరిగినా వెంటనే చూపించుకోమనండి.

రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే ఎనాక్సపారిన్‌కి, బొడ్డుకి రెండు అంగుళాల దూరంలో చర్మాన్ని మడతపట్టి, మందు మొత్తం అయ్యేదాకా మడత వదలకుండా, 30 సెకన్లపాటు మెల్లగా వేస్తే నొప్పి, కమిలిన మచ్చ రెండూ తగ్గుతాయి. నిండు సిరంజిలోని గాలి బుడగను తీయకండి.

కుక్కకాటు. 'బొడ్డు చుట్టూ పద్నాలుగు' అన్న భయం మన ఊళ్ళలో ఇంకా పోలేదు. ఆ పాత నాడీకణజాల టీకాని మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఇప్పుడు కండరానికైతే భుజానికి 0, 3, 7, 14, 28 రోజుల్లో ఒక్కొక్కటి, చర్మం పొరలోకైతే రెండు భుజాలకూ 0.1 మి.లీ. చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో. ఈ మాటను రోగి గుమ్మం దగ్గర ఉండగానే చెప్పండి, మొహంలో తేడా కనబడుతుంది. పిరుదుకి మాత్రం ఈ టీకా ఎప్పుడూ వేయకూడదు, సరిగ్గా పనిచేయదు. చర్మం పొరలోకి వేసేటప్పుడు చర్మం సాగడమే నొప్పి. మొన పైకి ఉంచి, 10-15 డిగ్రీల కోణంలో, నిదానంగా బొబ్బ లేపండి.

కళ్ళు తిరిగేవాళ్ళు

మిగతా భయాల్లో గుండె కొట్టుకోవడం, బీపీ పెరుగుతాయే గానీ మనిషి పడిపోడు. సూది, రక్తం, గాయం భయంలో మొదట బీపీ పెరిగి, తరవాత ఉన్నట్టుండి పడిపోతుంది, నాడి నెమ్మదిస్తుంది. చెమటలు, ఆవలింతలు, చెవుల్లో హోరు, మొహం పాలిపోవడం ముందు సూచనలు. ఇది పిరికితనం కాదు. కుటుంబాల్లో వస్తుంటుంది కూడా.

ఇలాంటివాళ్ళకి 'గట్టిగా ఊపిరి పీల్చి వదలండి, రిలాక్స్ అవ్వండి' అని చెప్పడం సరైన సలహా కాదు. ఒళ్ళు వదులైతే బీపీ ఇంకా పడుతుంది. వీళ్ళకి కావాల్సింది కండరాలు బిగించడం. స్వీడన్‌కి చెందిన మనస్తత్వవేత్త లార్స్-గోరన్ ఓస్ట్ తీర్చిన పద్ధతి ఇది: పిడికిళ్ళు, పొట్ట, తొడలు, పిక్కలు అన్నీ ఒక్కసారి బిగించాలి. మొహం వెచ్చబడేదాకా, 10 నుంచి 15 సెకన్లు. తరవాత మామూలు స్థితికి రావాలి, వాలిపోకూడదు. 20-30 సెకన్లు ఆగి మళ్ళీ. ఇలా ఐదుసార్లు. ఇంటి దగ్గర వారం రోజులు సాధన చేసి వస్తే సూది దగ్గర గుర్తుంటుంది. వేసే సమయంలో సూది పడే చెయ్యి మాత్రం వదులుగా ఉంచి, కాళ్ళు మెలివేసి బిగించమనండి. సూది తీశాక కూడా కొద్ది నిమిషాలు కొనసాగించాలి.

ఇదివరకు పడిపోయిన మనిషిని పడుకోబెట్టే వేయండి. ఖాళీ కడుపుతో రానివ్వకండి, ముందు నీళ్ళు తాగించండి. వేశాక 15 నిమిషాలు కూర్చోవాలి, వెంటనే బండెక్కి వెళ్ళనివ్వకూడదు.

పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తండి. పడిపోయిన మనిషిని లేపి కూర్చోబెట్టడం పెద్ద తప్పు, మెదడుకి రక్తం అందదు. పూర్తిగా తెలివి రాకముందు నోట్లో నీళ్ళు పోయకండి. కొందరికి కాళ్ళూ చేతులూ రెండు మూడు సార్లు కొట్టుకుంటాయి. వెంటవచ్చినవాళ్ళు ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. వాటివల్ల ఉపయోగం లేదు, పడుకోబెడితే నిమిషంలో తేరుకుంటారు. అలా తేరుకోకపోయినా, ఒంటి మీద దద్దుర్లు, పెదాలు వాయడం, పిల్లికూతలు, వేగంగా కొట్టుకునే నాడి కనబడినా అది ఉత్త భయం కాకపోవచ్చు, మందు పడకపోవడం కావచ్చు. తొడ బయటి వైపు మధ్యభాగంలో కండరానికి అడ్రినలిన్ 0.5 మి.గ్రా., అంటే వెయ్యికి ఒకటి ద్రావణం అర మి.లీ., ఆలస్యం చేయకుండా వేయాలి.

రక్తం తీసేటప్పుడు

పరగడుపు పరీక్ష అంటే నీళ్ళు కూడా తాగకూడదని చాలామంది అనుకుని ఎండిపోయిన నరాలతో వస్తారు. మంచినీళ్ళు తాగవచ్చని రాత్రే చెప్పండి. నరం దొరక్కపోతే వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కొద్ది నిమిషాలు వేసి, చెయ్యి కిందికి వేలాడదీయించండి. పిడికిలి మూసి తెరవమని పదే పదే చెప్పకండి, పొటాషియం లెక్క తప్పుతుంది. టోర్నికెట్ ఒక నిమిషం మించి ఉంచకూడదు. మోచేతి మడతలో దొరికితే మణికట్టు, అరచేతి వెనక జోలికి పోవద్దు, అక్కడ నొప్పి ఎక్కువ. రెండుసార్లు దొరక్కపోతే ఆగి ఇంకొకరిని పిలవండి. సూదిని లోపలే అటూ ఇటూ తిప్పి వెతకడంలో రోగి పడే బాధ, మరో చోట కొత్తగా గుచ్చడంకన్నా ఎక్కువ.

ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకి

పెన్ను అయితే 4 మిల్లీమీటర్ల సూది దాదాపు అందరికీ సరిపోతుంది, చర్మం మడత పట్టక్కర్లేదు. ముందు రెండు యూనిట్లు గాలిలోకి వదిలి చూసుకోవాలి. మందు అయ్యాక పది అంకెలు లెక్కపెట్టి సూది తీయాలి. సిరంజి వాడేవాళ్ళు వయల్ మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూత సిరంజి. ఇది నొప్పికి సంబంధించింది కాదు గానీ, తప్పితే ప్రాణాపాయం కాబట్టి ఇక్కడే చెప్పాలి.

మొన్నటిదాకా లేని నొప్పి కొత్తగా వస్తే మూడు కారణాలు చూడండి. ఒకే సూదిని రోజుల తరబడి వాడటం, ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా వేసుకోవడం, వేసిన చోటే మళ్ళీ వేయడం. చోటుకి చోటుకి మధ్య వేలెడు ఎడం ఉండాలి. 'గడ్డలాగున్న చోట నొప్పి లేదు' అని అక్కడే వేసుకునేవాళ్ళున్నారు. నొప్పి ఉండదు, నిజమే. ఇన్సులిన్ కూడా సరిగా ఒంట పట్టదు, షుగర్ ఎగుడుదిగుడవుతుంది. వాడుతున్న పెన్నుని ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు. మన మే నెల ఎండల్లో గది వేడెక్కితే, తడి ఇసుకలో పెట్టిన చిన్న మట్టికుండలో నీళ్ళు తగలకుండా ఉంచుకోవచ్చు.

వేలిని గుచ్చి షుగర్ చూసుకునేటప్పుడు వేలి కొనమీద మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి.

భయమే తగ్గాలంటే

సూది పేరెత్తితేనే నిద్ర పట్టనివాళ్ళకు ఒక్క రోజు చిట్కాలు చాలవు. మెట్టు మెట్టుగా అలవాటు పడాలి. మొదట సిరంజి బొమ్మ చూడటం, తరవాత సూది లేని సిరంజి చేతిలో పట్టుకోవడం, స్పిరిట్ వాసన, క్లినిక్‌కి వెళ్ళి ఊరికే కూర్చుని రావడం, టోర్నికెట్ కట్టించుకోవడం, మూత తీయని సూదిని చర్మానికి ఆనించడం, చివరికి అసలు ఇంజెక్షన్. భయం సగానికి దిగేదాకా ఏ మెట్టూ దిగిపోకూడదు. భయం ఎక్కువగా ఉన్నప్పుడు పారిపోతే 'తప్పించుకుంటేనే హాయి' అన్న పాఠం ఇంకా గట్టిపడుతుంది. కళ్ళు తిరిగే అలవాటున్నవాళ్ళు ప్రతి మెట్టులోనూ కండరాలు బిగించే పద్ధతి వాడాలి. అనుభవమున్న సైకాలజిస్టు రెండు మూడు గంటల ఒకే కూర్చోవడంలో కూడా ఇది చేయించగలరు. ఎవరిని కలవాలో తెలియకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు అక్కర్లేదు.

ఇంజెక్షన్ వేసినవాళ్ళు మరిచిపోకూడని చివరి పని ఒకటుంది. రోగి చీటీ మీద, టీకా కార్డు మీద ఒక వాక్యం రాయండి: 'పడుకోబెట్టి వేయాలి', 'ఎడమ చెయ్యి, చెప్పి వేయాలి', '25 గేజ్‌తో ఇబ్బంది లేదు'. వచ్చేసారి డ్యూటీలో ఎవరున్నా ఆ మనిషి మళ్ళీ మొదటినుంచి తన భయాన్ని వివరించుకోనక్కర్లేదు.